పశువుల్లో జన్యులోపాలు, డీఎన్ఏ పరీక్షలు: కర్నూలు, కడప ప్రాంతం

నిర్వచనం, పరిధి

జన్యుపదార్థంలో వచ్చిన మార్పు తల్లిదండ్రుల నుంచి దూడకు దిగి, దాని శరీర నిర్మాణాన్నో, రక్తం, కండరం, నాడుల పనితీరునో, అసలు బతికే శక్తినో దెబ్బతీస్తే దాన్ని జన్యులోపం అంటారు. ఆ మార్పు ఒక పశువులో ఉన్నదీ లేనిదీ వెంట్రుక కుదురు, రక్తం, వీర్యం వంటి నమూనాలోని డీఎన్ఏను పరిశీలించి తేల్చే ప్రయోగశాల పద్ధతి డీఎన్ఏ పరీక్ష. పుట్టుకతో వచ్చిన ప్రతి లోపమూ జన్యులోపం కాదు. జన్యులోపమున్న ప్రతి దూడా పుట్టగానే తేడాగా కనిపించదు. పరీక్ష అవసరమైంది ఈ రెండు కారణాల వల్లే.

ఈ వ్యాసం ఉమ్మడి కర్నూలు, కడప జిల్లాల పశుసంపదను దృష్టిలో పెట్టుకుని రాసినది. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజనలో కర్నూలు నుంచి నంద్యాల విడిపోయింది. కడపలో కొంత భాగం అన్నమయ్య జిల్లాలో కలిసింది. పశువుల విషయంలో ఈ నాలుగు జిల్లాలను ఒకే మెట్ట ప్రాంతంగా చూడడం సబబు.

ప్రాంతం, పశుసంపద

వాన తక్కువగా పడే ఈ సీమలో వేరుశనగ, శనగ, జొన్న, కొర్ర పంటలతో పాటు పశువే రైతుకు ఆధారం. ఇక్కడి పశుపోషణకు మూడు ప్రయోజనాలున్నాయి: సేద్యం, పాలు, పందెం. సేద్యానికి ఒంగోలు జాతి, దాని నాటు సంకరాలు, కర్ణాటక వైపు నుంచి వచ్చే హళ్లికార్ వంటి జాతులు వాడుకలో ఉన్నాయి. పాలకు ముర్రా రక్తం కలిసిన బర్రెలు, హోల్‌స్టీన్, జెర్సీ సంకరజాతి ఆవులు పెంచుతారు. తిరునాళ్లలో, సంక్రాంతి, ఉగాది వేళల్లో జరిగే బండలాగుడు పోటీల కోసం ఒంగోలు గిత్తలను ప్రత్యేకంగా మేపే ఇళ్లు రెండు జిల్లాల్లోనూ ఉన్నాయి. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని వయసును బట్టి విభాగాలు కట్టే ఈ పోటీల వల్ల మేలైన గిత్తకు, దాని సంతతికి మంచి ధర పలుకుతుంది.

పాశ్చాత్య దేశాల్లో లాగా మాంసం కోసమే ఆవు జాతులను వృద్ధి చేసే పద్ధతి ఇక్కడ లేదు. 1977 నాటి రాష్ట్ర చట్టం గోవధను నిషేధించింది. ఇక్కడ మాంసం ప్రధానంగా గొర్రె, మేకల నుంచి, కొంత బర్రె జాతి నుంచి వస్తుంది. అయినా ఈ విషయం సీమకు దూరమైనది కాదు. ఆంధ్ర తీరానికి చెందిన ఒంగోలు సంతతే అమెరికా ఖండాల్లో కొన్ని మాంసపు జాతులకు మూలమైంది. అక్కడ ఆ రక్తం కలిసిన పశువుల్లో బయటపడిన లోపాలు, వాటికి రూపొందిన పరీక్షలు ఇక్కడి పెంపకందారు తెలుసుకోదగినవి. (చూడండి: ఒంగోలు రక్తం విదేశాల్లో)

లోపం ఎలా దిగుతుంది

ప్రతి పశువులోనూ ఒక్కో జన్యువుకు రెండు ప్రతులుంటాయి, ఒకటి తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి. హానికరమైన లోపాల్లో ఎక్కువ భాగం అంతర్గత లక్షణాలు. రెండు ప్రతులూ చెడితేనే దూడ జబ్బు పడుతుంది. ఒక్కటే చెడితే పశువు పూర్తి ఆరోగ్యంగా, బలంగా, అందంగా ఉంటుంది, కానీ తన సంతానంలో సగానికి ఆ చెడిన ప్రతిని అందిస్తుంది. దీన్ని వాహక పశువు అంటారు.

వాహక ఆబోతును మచ్చలేని ఆవుకు కట్టిస్తే జబ్బు దూడ ఒక్కటీ పుట్టదు, కానీ దూడల్లో సగం వాహకాలవుతాయి. ఇద్దరూ వాహకాలైతే సగటున నాలుగు దూడల్లో ఒకటి జబ్బుతో పుడుతుంది, రెండు వాహకాలు, ఒకటి మచ్చలేనిది. ఒక మందలో 50 పశువులకు ఒకటి వాహకం అనుకుంటే, కలయిక ఎలా పడితే అలా జరిగినప్పుడు పదివేల దూడలకు ఒకటి మాత్రమే జబ్బుతో పుడుతుంది. ఆ ఒక్క దూడను ఎవరూ లెక్కలోకి తీసుకోరు. వాహకాలు పదికి ఒకటి అయ్యేసరికి జబ్బు దూడలు 400కు ఒకటి అవుతాయి. తరాల తరబడి కనిపించని లోపం ఒక్కసారిగా ఊరి మీద పడ్డట్టు అనిపించడానికి కారణం ఇదే.

కొన్ని లోపాలు బహిర్గత లక్షణాలు. ఒక్క చెడ్డ ప్రతి చాలు. ఐర్లండుకు చెందిన డెక్స్‌టర్ జాతిలో పొట్టి కాళ్లకు కారణమైన మార్పు అలాంటిది. అదే మార్పు రెండు ప్రతుల్లోనూ వస్తే దూడ వికృతంగా, ప్రాణం లేకుండా పుడుతుంది. పొరుగున చిత్తూరు జిల్లాకు చెందిన పుంగనూరు ఆవు పొట్టిదనాన్ని దీనితో కలిపి చూడరాదు. అది ఒళ్లంతా ఒకే కొలతలో చిన్నదైన జాతి. పుంగనూరు జాతికి ఉన్న చిక్కు వేరే. పశువుల సంఖ్య బాగా తగ్గినందువల్ల దగ్గర బంధుత్వం ఉన్నవాటినే జత చేయాల్సి రావడం. (చూడండి: పల్లె ఆబోతు, అంతఃప్రజననం)

చరిత్ర

డీఎన్ఏ పరీక్షలు లేని కాలంలో వాహకాన్ని గుర్తించాలంటే సంతానాన్ని చూడడమే దారి. అనుమానమున్న ఆబోతును వాహకమని తెలిసిన ఆవులకు కట్టించి, వరుసగా 16 దూడలు మచ్చలేకుండా పుడితే అది వాహకం కాదని 99 శాతం నమ్మకంతో చెప్పవచ్చు. దాని సొంత కూతుళ్లకే కట్టించి చూసే పద్ధతిలో 35 దూడలు కావాలి. ఏళ్లు గడిచేవి, ఖర్చు పెరిగేది.

1940, 50 దశకాల్లో అమెరికాలో హియర్‌ఫర్డ్ మాంసపు జాతిలో మరుగుజ్జు దూడలు విరివిగా పుట్టాయి. పరీక్ష లేనందువల్ల అనుమానంతోనే వంశాలకు వంశాలను పక్కన పెట్టారు. అందులో నిర్దోషమైన మేలు పశువులూ పోయాయి.

1949లో క్రిస్ పోల్జ్, ఆయన సహచరులు గ్లిజరిన్ కలిపితే వీర్యకణాలు గడ్డకట్టే చలిలోనూ బతుకుతాయని కనుగొన్నారు. ఆపైన ఒక ఆబోతు వేలాది దూడలకు తండ్రి కావడం సాధ్యమైంది. మేలు ఎంత వేగంగా పాకిందో లోపమూ అంతే వేగంగా పాకింది. 1952లో పుట్టిన ఆస్బర్న్‌డేల్ ఐవన్‌హో అనే హోల్‌స్టీన్ ఆబోతు వంశం ద్వారా తెల్ల రక్తకణాల లోపం ఒకటి (బ్లాడ్) ప్రపంచమంతా వ్యాపించింది. 1992లో దాని జన్యు కారణం, పరీక్ష ప్రచురితమయ్యేనాటికి అమెరికాలో పరీక్షించిన పేరున్న హోల్‌స్టీన్ ఆబోతుల్లో సుమారు 14 శాతం వాహకాలని తేలింది. పరీక్ష వచ్చాక వీర్య కేంద్రాలు వాటిని తప్పించడంతో లోపం త్వరగా తగ్గుముఖం పట్టింది.

మాంసపు జాతుల్లో పెద్ద మలుపు 2008. ఆంగస్ జాతిలో కాళ్లు, వెన్ను వంకర తిరిగి చచ్చి పుట్టే దూడల సంగతిని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ బీవర్ పరిశోధించి కొద్ది నెలల్లోనే పరీక్ష రూపొందించారు. ఆ లోపం ఆనాడు విస్తారంగా వాడుకలో ఉన్న జీఏఆర్ ప్రెసిషన్ 1680 అనే ఆబోతు వంశంలో ఉందని తేలింది. జాతి సంఘం వాహకాల పేర్లను దాచకుండా బయటపెట్టింది. ఆ మరుసటి ఏడాది, 2009లో, ఆవు పూర్తి జన్యుక్రమం ప్రచురితమైంది. అప్పటి నుంచి కొత్త లోపాలకు కారణాన్ని వెతకడం ఏళ్ల పని కాక నెలల పని అయింది.

ముఖ్య లోపాలు

ఈ ప్రాంతానికి సంబంధించి ముందుగా తెలియాల్సినవి హోల్‌స్టీన్ రక్తంతో వచ్చేవి.

బ్లాడ్: తెల్ల రక్తకణాలు రక్తనాళం గోడకు అంటుకుని బయటికి వెళ్లలేని స్థితి. దూడకు మాటిమాటికీ జ్వరం, పారుడు, న్యుమోనియా వస్తాయి. చిగుళ్లు పుండ్లు పడతాయి, ఒళ్లు పట్టదు. ఎక్కువ దూడలు ఏడాది దాటవు. మందులకు తగ్గినట్టే తగ్గి తిరగబెట్టడం దీని గుర్తు.

సిట్రులినీమియా: పుట్టినప్పుడు దూడ బాగానే ఉంటుంది. రెండు మూడు రోజుల్లో మందగించి, తలను గోడకు ఆనించి నెడుతూ, చూపు పోయి, వారం లోపే చనిపోతుంది. ఒంట్లో అమోనియా పేరుకోవడం దీనికి కారణం.

డంప్స్: రెండు చెడ్డ ప్రతులున్న పిండం సుమారు 40 రోజుల వయసులో చనిపోతుంది. రైతుకు కనిపించేది చూడి నిలవకపోవడం, ఆవు తిరిగి పొర్లడం మాత్రమే. అందుకే దీన్ని ఎవరూ దూడ జబ్బుగా గుర్తించరు.

పదకొండో రక్తకారక లోపం: నెత్తురు సకాలంలో గడ్డకట్టదు. కొమ్ములు తీసినప్పుడో, విత్తులు కొట్టినప్పుడో ఆగకుండా కారుతుంది. ఈ లోపమున్న ఆవులు తిరిగి పొర్లడమూ ఉంది.

వెన్నుపూసల వైకల్యం: ఐవన్‌హో బెల్ అనే హోల్‌స్టీన్ ఆబోతు ద్వారా వ్యాపించినది. మెడ పొట్టిగా, కీళ్లు బిగుసుకుని దూడ చచ్చి పుడుతుంది, లేదా చూడి మధ్యలోనే ఈసుకుపోతుంది.

2000 దశకంలో మన దేశంలో జరిగిన సర్వేల్లో హోల్‌స్టీన్, దాని సంకర పశువుల్లో బ్లాడ్ వాహకాలు కొద్ది సంఖ్యలో దొరికాయి. పరీక్షించిన దేశవాళీ ఆవుల్లో, బర్రెల్లో దొరకలేదు. దేశవాళీ పశువులకు లోపాలే లేవని దీనికి అర్థం కాదు. ఈ పరీక్షలు హోల్‌స్టీన్ కోసం తయారైనవి. ఒంగోలు జాతికి సొంతమైన లోపం ఏదైనా ఉంటే అది వీటిలో పడదు.

జన్యువులో కాక క్రోమోజోముల అమరికలో వచ్చే తేడాలూ ఉన్నాయి. ఆవులో 60 క్రోమోజోములు, మన బర్రెలో 50. ఆవుల్లో 1, 29 సంఖ్యల క్రోమోజోములు అతుక్కుపోయే తేడాను 1964లో స్వీడన్‌లో గుర్తించారు. పశువు చూడడానికి బాగానే ఉంటుంది, చూడి కట్టే శక్తి మాత్రం తగ్గుతుంది. కోడెదూడతో కవలగా పుట్టిన పెయ్య చాలావరకు గొడ్డుగా మిగలడం జన్యులోపం కాదు. గర్భంలో ఇద్దరి నెత్తురు కలవడం వల్ల జరిగేది. రైతులు అనుభవంతో ఎరిగిన ఈ సంగతిని డీఎన్ఏ పరీక్షతోనూ నిర్ధారించవచ్చు.

ఒంగోలు రక్తం విదేశాల్లో

పంతొమ్మిదో శతాబ్దంలో మొదలై 1960 దశకం ఆరంభం వరకు ఒంగోలు పశువులు బ్రెజిల్‌కు వెళ్లాయి. అక్కడ నెలోర్ అన్న పేరుతో ఆ దేశపు మాంస పరిశ్రమకు అవే వెన్నెముక అయ్యాయి. ప్రకాశం జిల్లా కరవది గ్రామం నుంచి వెళ్లి, ఆ ఊరి పేరే తనకు పేరైన ఆబోతు నెలోర్ వంశావళుల్లో మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. వెళ్లిన ఆబోతులు కొన్నే, వాటి సంతతి కోట్లలో. పెద్ద జాతికి చిన్న పునాది ఉంటే బంధుత్వం పెరగడం తప్పదు. అందుకే బ్రెజిల్ పరిశోధకులు నెలోర్‌లో అంతఃప్రజననాన్ని, అంటే దగ్గర బంధువుల కలయికను, డీఎన్ఏ ద్వారా కొలుస్తుంటారు.

అమెరికా సంయుక్త రాష్ట్రాల్లో ఒంగోలు, గిర్, గుజరాత్ కాంక్రేజ్, కృష్ణా లోయ జాతుల కలయికతో బ్రహ్మన్ జాతి తయారైంది. 1924లో దానికి జాతి సంఘం ఏర్పడింది. బ్రహ్మన్‌లో రెండు లోపాలకు డీఎన్ఏ పరీక్షలున్నాయి. మొదటిది పాంపే వ్యాధి. కండరాల్లో గ్లైకోజన్ పేరుకుపోయి, పుట్టినప్పుడు బాగున్న దూడ నెలలు గడిచేకొద్దీ ఎదుగుదల తగ్గి, నీరసించి, సాధారణంగా ఏడాది లోపు చనిపోతుంది. ఆస్ట్రేలియాలో దీని మీద చాలా పని జరిగింది. కారణమైన మార్పులు ఒకే జన్యువులో ఒకటికి మించి ఉన్నాయి. రెండోది నాడి నుంచి కండరానికి సంకేతం అందని బలహీనత. దక్షిణాఫ్రికా బ్రహ్మన్ దూడల్లో 20 అక్షరాల డీఎన్ఏ ముక్క లోపించడం దీనికి కారణమని 2002లో వెల్లడైంది.

ఈ మార్పులు భారతదేశం నుంచి వెళ్లిన పశువుల్లోనే ఉన్నాయా, అక్కడ కొత్తగా పుట్టాయా అన్నది ఇక్కడి ఒంగోలు మందలను పరీక్షిస్తేనే తేలే ప్రశ్న. విదేశాల నుంచి నెలోర్, బ్రహ్మన్ వీర్యమో పిండాలో తెప్పించాలన్న ఆలోచన ఎప్పుడు వచ్చినా ముందుగా అడగాల్సింది ఈ పరీక్షల ఫలితాలనే.

జన్యులోపమా, కరువు దెబ్బా

సీమలో ఈ తేడా గుర్తించడమే అసలు కష్టం. ఎండాకాలంలో నెలల తరబడి వరిగడ్డి, ఎండు చొప్ప మీద బతికిన చూడి ఆవుకు విటమిన్ ఏ కొరవడుతుంది. దాని దూడ గుడ్డిగా, బలహీనంగా పుట్టవచ్చు, చచ్చి పుట్టవచ్చు. అయోడిన్ తక్కువైతే గొంతు దగ్గర వాపుతో, వెంట్రుకలు లేకుండా పుట్టవచ్చు. నెత్తురు పీల్చే చిన్న కీటకాల వల్ల వ్యాపించే అకబానే వైరస్ చూడి పశువుకు సోకితే దూడ కీళ్లు బిగుసుకుని, మెదడు ఎదగక పుడుతుంది. ఆంగస్‌లో కనిపించిన జన్యులోపానికీ దీనికీ బయటికి పెద్ద తేడా ఉండదు.

వేరు చేయడానికి కొన్ని ఆధారాలున్నాయి. ఒకే ఊళ్లో, ఒకే కరువు కాలంలో, వేర్వేరు ఆబోతుల దూడల్లో లోపం కనిపిస్తే మేతనో వైరస్‌నో అనుమానించాలి. వేర్వేరు ఊళ్లలో, వేర్వేరు కాలాల్లో, ఒకే ఆబోతు దూడల్లో కనిపిస్తే జన్యువును అనుమానించాలి. తల్లీ తండ్రీ ఒకే ఆబోతుకు పుట్టినవైతే అనుమానం మరింత బలపడుతుంది. గ్రహణం, దిష్టి అని సరిపెట్టుకుని దూడను పూడ్చేస్తే ఈ ఆధారాలన్నీ మట్టిలో కలుస్తాయి.

పరీక్ష జరిగే తీరు

తోకకుచ్చు నుంచి కుదుళ్లతో పీకిన వెంట్రుకలు, గడ్డకట్టకుండా తీసిన రక్తం, చెవి నుంచి తీసిన చిన్న ముక్క, వీర్యనాళిక, వీటిలో ఏదైనా సరిపోతుంది. డీఎన్ఏను వేరు చేసి, కావలసిన జన్యుభాగాన్ని పీసీఆర్ ద్వారా లక్షల ప్రతులుగా పెంచి, అందులో మార్పు ఉన్నదీ లేనిదీ చూస్తారు. ఫలితం మూడు రకాలే: మచ్చలేనిది, వాహకం, లోపగ్రస్తం. ఒక్క జన్యువును చూసే ఈ పరీక్షతో పాటు, వేల స్థానాలను ఒకేసారి చదివే చిప్‌లు ఇప్పుడు వాడుకలోకి వచ్చాయి. హైదరాబాదులోని జాతీయ పశు జీవసాంకేతిక సంస్థ దేశవాళీ ఆవుల కోసం రూపొందించిన ఇండిగౌ చిప్ 2021 ఆగస్టులో విడుదలైంది. అందులో 11,496 గుర్తులున్నాయి. జాతి స్వచ్ఛత, బంధుత్వం తెలుసుకోవడానికి ఇది పనికొస్తుంది.

తండ్రి ఎవరో తేల్చే పరీక్ష కూడా ముఖ్యమే. రికార్డులో రాసిన ఆబోతు ఒకటి, అసలు తండ్రి మరొకటి అయితే లోపం మూలాన్ని వెతకడం దారి తప్పుతుంది.

వీర్య కేంద్రం నుంచి ఊరిదాకా

నంద్యాలలో ఘనీకృత వీర్య కేంద్రం ఉంది. అక్కడా, రాష్ట్రంలోని ఇతర కేంద్రాల్లోనూ తయారైన వీర్యనాళికలు ద్రవ నత్రజనిలో పశువైద్యశాలలకు, ఊళ్లలో కృత్రిమ గర్భధారణ చేసే గోపాలమిత్రలకు చేరుతాయి. ఒక్కో నాళిక పావు మిల్లీలీటరు, అందులో సుమారు రెండు కోట్ల వీర్యకణాలు. కేంద్ర పశుసంవర్ధక శాఖ నిర్దేశించిన కనీస ప్రమాణాల ప్రకారం ఆబోతును సేకరణకు తీసుకునే ముందు అంటువ్యాధుల పరీక్షలతో పాటు క్రోమోజోముల పరీక్ష, విదేశీ, సంకరజాతి ఆబోతులకు బ్లాడ్, సిట్రులినీమియా, పదకొండో కారక లోపం వంటి పరీక్షలు జరగాలి. వాహకమని తేలితే దాన్ని వాడరు. రైతు విడిగా ఖర్చు పెట్టకుండానే అందే రక్షణ ఇది. ఒక్క ఆబోతును పరీక్షిస్తే వేల దూడలకు సరిపోతుంది కనుక ఖర్చు కూడా తక్కువే.

మహానందిలోని పశుపరిశోధన స్థానం ఒంగోలు మందను పోషిస్తోంది. ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉంది. ఈ రెండూ 2005లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కిందివి. వంశావళి రాసి ఉంచిన మందలున్న ఇలాంటి చోట్ల నుంచే దేశవాళీ లోపాల అన్వేషణ మొదలవడం సులువు.

పల్లె ఆబోతు, అంతఃప్రజననం

వీర్య కేంద్రం రక్షణ నాళికతోనే ఆగిపోతుంది. ఊళ్లో దేవుడి పేరిట వదిలిన అచ్చుబోసిన ఆబోతుకు, పందెపు గిత్తకు, మందలో కలిసి తిరిగే కోడెకు ఏ పరీక్షా లేదు. కొనేవారు సుళ్లు, కొమ్ములు, మూపురం, గంగడోలు, నడక చూస్తారు. ఇవి జాతి లక్షణాన్ని, పనితనాన్ని అంచనా వేయడానికి పనికొస్తాయి, వాహకమో కాదో చెప్పలేవు.

ఒకే ఆబోతు ఊళ్లో మూడు నాలుగేళ్లు దాటి ఉంటే తన కూతుళ్లనే దాటుతుంది. అది ఏదైనా లోపానికి వాహకమైతే కూతుళ్లలో సగం వాహకాలు, వాటికి దానివల్లే పుట్టే దూడల్లో సగటున ఎనిమిదింట ఒకటి జబ్బుది. తండ్రీకూతుళ్ల కలయికలో అంతఃప్రజనన గుణకం 25 శాతం, సవతి తోబుట్టువుల కలయికలో 12.5 శాతం. లోపం బయటపడకపోయినా పాలు, ఎదుగుదల, చూడి కట్టే గుణం కుంగుతాయి. మూడేళ్లకోసారి పక్క ఊరితో ఆబోతును మార్చుకోవాలన్న పాత సలహాకు ఆధారం ఈ లెక్కే. డీఎన్ఏ పరీక్ష అందని చోట ఇంతకు మించిన మందు లేదు.

ఫలితాన్ని వాడుకోవడం

వాహకమని తేలిన ఆవును అమ్మేయాల్సిన పని లేదు. మచ్చలేని ఆబోతు వీర్యంతో కట్టిస్తే దానికి జబ్బు దూడ పుట్టదు. పుట్టిన పెయ్యల్లో మచ్చలేనివాటిని ఉంచుకుంటే ఒక తరంలోనే లోపం ఇంటి నుంచి పోతుంది. ఆబోతు విషయంలో మాత్రం కఠినంగా ఉండాలి, ఎందుకంటే దాని సంతానం అనేక ఊళ్లకు చేరుతుంది. సంఖ్య తక్కువున్న దేశవాళీ జాతుల్లో వాహకాలన్నిటినీ ఒక్కసారిగా తొలగిస్తే ఉన్న కొద్ది వైవిధ్యమూ పోతుంది. అక్కడ తరాల మీద మెల్లగా తగ్గించడమే సరైన పద్ధతి.

లోపంతో పుట్టిన దూడ నమోదు

తెలియని లోపానికి పరీక్ష ఉండదు. కొత్త పరీక్ష పుట్టాలంటే లోపమున్న దూడ నమూనా, తల్లిదండ్రుల వివరం రెండూ చేతికందాలి. దూడ చనిపోయినా చెవి ముక్కను చల్లగా భద్రపరిచి, తల్లి తోక వెంట్రుకలను కుదుళ్లతో పొడి కాగితపు కవరులో పెట్టి పశువైద్యుడికి అందించవచ్చు. ఫొటో, పుట్టిన తేదీ, చూడి కాలంలో వేసిన మేత, ఊళ్లో మరే పశువుకైనా అలా జరిగిందా అన్న సంగతి రాయాలి. తల్లి చెవి పోగు మీది 12 అంకెల సంఖ్య దేశవ్యాప్త పశు నమోదులో ఉంటుంది. తండ్రి వివరం నాళిక మీదే ముద్రించి ఉంటుంది: ఆబోతు సంఖ్య, కేంద్రం గుర్తు, తయారైన తేదీ. కృత్రిమ గర్భధారణ అయ్యాక ఆ ఖాళీ నాళికను పారేయకుండా, ఆ సంఖ్యను ఆవు కార్డులో రాయించుకోవాలి.